98 శాతం నీళ్ళు, 50 శాతం ఊపిరి

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో చెమట, ఆవిరి, మూత్రం అన్నీ వడగట్టి 98 శాతం నీటిని తిరిగి రాబట్టగలిగామని 2023లో నాసా ప్రకటించింది. గొప్ప విజయమే. కానీ అంగారకుడి దాకా వెళ్ళాలంటే చూడాల్సిన అంకె ఇంకొకటి ఉంది. అది గాలి లెక్కలో ఉంది.

మనిషికి రోజుకు సుమారు 840 గ్రాముల ఆక్సిజన్ కావాలి. వదిలేది దాదాపు కిలో కార్బన్ డయాక్సైడ్. కేంద్రంలో ఆక్సిజన్ ప్రధానంగా నీళ్ళ నుంచే వస్తుంది. నీటిలోకి కరెంటు పంపితే ప్రతి 9 కిలోలకు 8 కిలోల ఆక్సిజన్, 1 కిలో హైడ్రోజన్ విడిపోతాయి. ఆ లెక్కన ఒకరి ఒకరోజు ఊపిరికి 945 గ్రాముల నీళ్ళు ఖర్చు.

వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను జియోలైట్ గుళికలు పట్టుకుంటాయి. వేడిచేస్తే వదిలేసి మళ్ళీ పనికొస్తాయి. అపోలో కాలపు లిథియం హైడ్రాక్సైడ్ డబ్బాలకు ఆ గుణం లేదు. 1970లో అపోలో 13 సిబ్బంది ప్రాణాల మీదికి వచ్చిన కారణాల్లో అదొకటి.

పట్టుకున్న కార్బన్ డయాక్సైడ్‌ను ఏం చేయాలి? ఫ్రెంచ్ శాస్త్రవేత్త పాల్ సబాటియే పేరున్న రసాయన చర్యలో దాన్ని హైడ్రోజన్‌తో కలిపితే నీళ్ళు, మీథేన్ వస్తాయి. ఆ యంత్రం 2010లో కేంద్రానికి చేరింది. చిక్కంతా మీథేన్‌తోనే. చర్యలో వాడిన హైడ్రోజన్‌లో సగం దానిలోకి పోతుంది, దాన్ని బయటి శూన్యంలోకి వదిలేస్తారు. మనిషికి రోజుకు పుట్టే 105 గ్రాముల హైడ్రోజన్‌తో తిరిగొచ్చే నీళ్ళు సుమారు 472 గ్రాములు. ఖర్చుపెట్టిన 945లో సరిగ్గా సగం.

భూమికి 400 కిలోమీటర్ల ఎత్తులో ఆ లోటును సరుకు నౌకలు పూడుస్తాయి. అంగారకుడి దారిలో నౌకలు రావు. నలుగురు, 900 రోజులు అనుకుందాం. మూడు టన్నుల ఆక్సిజన్‌కు 3.4 టన్నుల నీళ్ళు కావాలి. ఆహారంలోని తేమ కొంత ఆదుకున్నా, 1.7 టన్నుల లోటు చిన్నది కాదు.

మీథేన్‌ను ప్లాస్మాతో ఎసిటిలీన్‌గా మారిస్తే దానిలోని హైడ్రోజన్‌లో నాలుగింట మూడు వంతులు వెనక్కి వస్తుంది. బాష్ చర్య అనే ఇంకో పద్ధతిలోనైతే హైడ్రోజన్ మొత్తం నీళ్ళుగానే మారుతుంది, మిగిలేది కర్బనం మాత్రమే. వినడానికి ఇదే మేలు. కానీ నలుగురి ఊపిరి నుంచి 900 రోజుల్లో పోగయ్యే ఆ మసి దాదాపు ఒక టన్ను. అది ఉత్ప్రేరకం మీద పేరుకుని చర్యను ఆపేస్తుంది కాబట్టి, మార్చడానికి కొత్త ఉత్ప్రేరకాన్నీ వెంట మోసుకెళ్ళాలి.