వార్తల్లో పదం: లక్షణ దినచర్య

వైద్యులు సీఓపీడీ యని వ్యవహరించు దీర్ఘకాలిక శ్వాసావరోధ వ్యాధితో బాధపడువాడు, నేడు ఆయాసమెట్లున్నది, దగ్గు హెచ్చినదా, కఫము రంగు మారినదా యని ప్రతిదినము వ్రాసికొను పట్టికకే ‘లక్షణ దినచర్య’ యని పేరు. చూచుటకు ఇది పాలవాని లెక్కకంటె ఘనమైనదిగా తోపదు. అయినను ఏ మందు ఎవనికి పనిచేయునో ముందుగా సూచింపగల శక్తి ఇట్టి లక్షణములకు కలదని కెనడా దేశమున విన్నిపెగ్ నగరపు వైద్యులు నిరూపించిరి. ఆంథోనిసెన్ అను వైద్యుడును ఆయన సహచరులును 173 మంది రోగులను మూడున్నరేండ్లు కనిపెట్టి, వ్యాధి ప్రకోపించిన 362 సందర్భములలో కొన్నింట యాంటీబయాటిక్కును, కొన్నింట ఔషధగుణము లేని ఉత్తమాత్రను ఒసగి, తమ ఫలితములను 1987లో ప్రకటించిరి. ఆయాసము పెరుగుట, కఫము అధికమగుట, అది చీమువన్నె దాల్చుట యను మూడును కలిసివచ్చిన రోగులకు మందువలని మేలు మిక్కిలి స్పష్టముగా కనబడెను. ఒక్కటే యున్నవారియందు మందునకును ఉత్తమాత్రకును చెప్పుకోదగిన భేదము లేకపోయెను.

తూర్పు లండన్ రోగుల దినచర్యలను పరిశీలింపగా, సుమారు సగము ప్రకోపములు వైద్యుని చెవిని పడనేలేదని తేలినది. ఊపిరాడకున్నను ‘ఇది మామూలే’ యని సరిపెట్టుకొను స్వభావము మనకును క్రొత్తది కాదు గదా! ఆసుపత్రికి పోవు నాటి ఉదయమున నెలదినముల లెక్కను ఒక్కమారుగా నింపెడివారును కలరు. అట్టి పట్టిక జ్ఞాపకమే గాని దినచర్య కాదు. ప్రతిరాత్రి ఎలక్ట్రానిక్ పరికరమున నింపవలసిన పదునాలుగు ప్రశ్నల ‘ఎగ్జాక్ట్’ దినచర్యను, ఔషధ పరీక్షలయందు వాడదగిన సాధనముగా అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2014లో అంగీకరించినది.