వంటింటికి కొత్త కొలతలు

'ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు' అని తెలుగువారి సామెత. ఇంటి తీరు ఇల్లాలి నేర్పును తెలుపుతుందని దాని తాత్పర్యం. అయితే ఆమె పగలంతా గడిపే వంటిల్లు ఎంత ఉండాలో, పొయ్యి ఎక్కడ వేయాలో, కిటికీ ఎంత ఎత్తున పెట్టాలో ఆమెను అడిగి నిర్ణయించిన సందర్భాలు అరుదు. ఇంటి యజమాని, వాస్తు చెప్పే పెద్ద, తాపీమేస్త్రీ కలిసి గోడలు లేపేవారు. ఆ గోడల మధ్య ఒదిగి పనిచేయడం ఆమె వంతు. పాత వంటింటిని కొత్తగా తీర్చిదిద్దాలనుకొనేవారు మొదట గుర్తించవలసిన లోపం ఇదే.

కోస్తా గ్రామాలలోని పాత పెంకుటింటిని ఉదాహరణగా తీసుకోవచ్చు. వంటిల్లు సాధారణంగా ఆగ్నేయమూలన ఉండేది. నేలమీద మట్టితో వేసిన పొయ్యి, గోడవారగా రోలు, సన్నికల్లు, పైనుంచి వేలాడే ఉట్టి, అటకమీద ఊరగాయ జాడీలు - ఇదీ దాని స్వరూపం. పీటమీద కూర్చుని కత్తిపీటతో కూరలు తరగడం, వంగి పొయ్యి ఊదడం, లేచి నీళ్లబిందె దగ్గరకు వెళ్లడం, మళ్లీ వచ్చి కూర్చోవడం - ఒక పూట వంటకు ఇన్నిమార్లు లేచి కూర్చునే శ్రమను ఎవరూ లెక్కపెట్టలేదు. పొగను సైతం కొందరు పెద్దలు సమర్థించేవారు. అది చూరుకు పట్టి వెదుళ్లను పురుగు తొలచకుండా కాపాడుతుందని వారి వాదం. వాసాలకు మేలుచేసిన ఆ పొగే పొయ్యి ఊదేవారి కళ్లకు, ఊపిరితిత్తులకు కీడు చేసింది. ఇళ్లలోని వంటపొగ, దానివంటి కాలుష్యం కారణంగా 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 32 లక్షల మరణాలు సంభవించాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన దీపం పథకం, 2016లో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన ఉజ్జ్వల పథకం పేదకుటుంబాల మహిళలకు వంటగ్యాసును అందుబాటులోకి తెచ్చాయి. పొయ్యి మారింది. గది మాత్రం చాలా ఇళ్లలో మారలేదు.

గ్యాసుపొయ్యితో పాటు నిలబడి వండే గట్టు వచ్చింది. దాని ఎత్తును మేస్త్రీ తన అలవాటు ప్రకారం నిర్ణయించడం పరిపాటి. నిజానికి ఆ కొలత వండే మనిషి ఒంటిలోనే ఉన్నది. నిటారుగా నిలబడి మోచేయి మడిచినప్పుడు నేలనుంచి మోచేతివరకు ఎంత ఎత్తు ఉంటుందో కొలిచి, అందులో నాలుగైదు అంగుళాలు తగ్గిస్తే గట్టు ఎత్తు తేలుతుంది. అయిదడుగుల మనిషికి అది సుమారు 32 నుంచి 34 అంగుళాలు. అమెరికాలో వాడుకలో ఉన్న 36 అంగుళాల కొలతను యథాతథంగా దించుకొంటే ఆమె భుజాలు పైకెత్తి గరిటె తిప్పవలసి వస్తుంది. మన ఇళ్లలో మరొక చిక్కు కూడా ఉన్నది. పొయ్యిని గట్టుమీద పెడతారు, దానిమీద గిన్నె ఎక్కుతుంది. అందువల్ల పొయ్యి ఉండే భాగాన్ని మరొక నాలుగు అంగుళాలు దించి కట్టించడం మేలు. అంట్లు తోమే తొట్టి సంగతి ఇందుకు విరుద్ధం. చేతులు దాని అడుగువరకు వెళ్లాలి కనుక, అంచు కొంచెం ఎత్తుగా ఉంటేనే నడుముకు విశ్రాంతి.

వంటింటి పనిని ఇట్లా కొలతలతో పరిశీలించిన ప్రయత్నాలలో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ వంటిల్లు ప్రసిద్ధమైనది. మొదటి ప్రపంచయుద్ధం తరువాత ఆ నగరంలో కార్మికుల కోసం పెద్దయెత్తున ఇళ్లు కట్టారు. వాటికి 1926లో మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ అనే వాస్తుశిల్పి వంటగదిని రూపొందించారు. సుమారు 3.4 మీటర్ల పొడవు, 1.9 మీటర్ల వెడల్పు గల చిన్నగది అది. అందులో పొయ్యి, నీటితొట్టి, దినుసుల సొరుగులు అడుగుదూరంలో అమరాయి. కిటికీ వెలుతురులో కూర్చుని కూరలు తరగడానికి ఎత్తు మార్చుకొనే పీట కూడా ఉండేది. అటువంటి వంటిళ్లు దాదాపు పదివేలు నిర్మించారు. నడక తగ్గింది, కాలం మిగిలింది. కాని ఆ గదిలో ఒక్కరు తప్ప ఇద్దరు పనిచేయలేరన్న విమర్శ తరువాత వచ్చింది.

ఆ విమర్శ తెలుగువారికి మరింత వర్తిస్తుంది. మాఘమాసంలో వడియాలు, వేసవిలో ఆవకాయ, సంక్రాంతికి అరిసెలు - ఇవి ఒక్కచేతి పనులు కావు. నలుగురు నేలమీద చుట్టూ కూర్చుని కబుర్లు చెప్పుకొంటూ చేసే పనులు. గట్టు, అలమరలు గోడలకు పరిమితం చేసి, మధ్యన చాప పరచుకొనేంత నేల వదిలితేనే ఆ వంటిల్లు మన వంటిల్లు అనిపించుకొంటుంది. నగరాలలోని చిన్న ఇళ్లలో ఇది కష్టమే. అక్కడ వంటింటికి, భోజనాల గదికి నడుమనున్న గోడ తీసివేయడం ఒక మార్గం. ఆ గోడ ఇంటి బరువు మోసేది కాదని ఇంజనీరు చేత నిర్ధారించుకొన్న పిదపనే ఆ పనికి పూనుకోవాలి.

గట్టుమీది రాయి విషయంలోనూ ఆలోచన అవసరం. కడపరాయి నల్లగా, నునుపుగా, చవకగా ఉంటుంది. కాని అది సున్నపురాయి జాతి. నిమ్మరసం, చింతపండు పులుసు ఒలికితే ఆ ఆమ్లానికి దానిమీద తెల్లని మచ్చలు పడతాయి. కాబట్టి గట్టుమీద గ్రానైటు పరచి, కడపరాయిని గోడ అరలకు వాడుకోవచ్చు. ఈనాడు ఆకర్షిస్తున్న రంగురంగుల చెక్కపొట్టు అలమరలు ప్రదర్శనశాలలో అందంగానే ఉంటాయి. నేలను నీళ్లుపోసి కడిగే ఇంట్లో వాటి అడుగుభాగం తేమకు ఉబ్బిపోతుంది. కింద రాతి దిమ్మ కట్టి, దానిమీద పాత టేకు తలుపుల కర్రతో అలమరలు చేయిస్తే అందానికి అందం, మన్నికకు మన్నిక.

వంటగ్యాసు గాలికన్నా బరువైనది. కారితే నేలబారుగా పేరుకొంటుంది. సిలిండరును నిలువుగా, పొయ్యికన్నా దిగువన, గాలి ఆడేచోట ఉంచాలి. తలుపుల అరలో పెడితే ఆ అర అడుగున గాలిరంధ్రాలు తప్పనిసరి. పోపు ఘాటు పోవడానికి కిటికీతో పాటు పైన గాలిని బయటికి నెట్టే పంకా ఉండాలి. దీపం విషయం చాలామంది పట్టించుకోరు. అది వండేవారి వీపు వెనుక ఉంటే వారి నీడే గిన్నెలో పడుతుంది. పైఅర అడుగున, గట్టుకు ఎదురుగా అమర్చడం సరైన పద్ధతి.

ఇక పాతసామగ్రి. అన్నింటినీ పాతసామాన్లవాడికి అప్పగించడం ఎంత తొందరపాటో, వాడని వస్తువులన్నింటినీ అలంకారం పేరుతో అరలనిండా పేర్చడం అంతే తెలివితక్కువ. ఇత్తడి గిన్నెకు కళాయి పూయించి వాడవచ్చు. కళాయి లేనిదానిలో పులుసు కాచరాదు. జాడీలను అటకమీదినుంచి దించి, చేతికందే కింది అరలో పెట్టాలి. రోలు బరువైనదే కాని, గోంగూర పచ్చడి నూరే ఇంట్లో దానికి కిటికీ దగ్గర ఒక మూల దొరకకపోదు. ఆ పక్కనే ఎత్తుపీట ఒకటి వేస్తే మోకాళ్లు వంగని అమ్మమ్మ కూడా అక్కడ కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తుంది.