పాఠం విన్నాక ఆట ఎందుకు తగ్గుతుంది?

గోల్ఫ్ క్లబ్బు తల బంతిని తాకి ఉండేది సెకనులో దాదాపు రెండు వేలవ వంతు. పైకెత్తిన క్లబ్బు కిందికి దిగి బంతిని చేరడానికి పట్టేది సుమారు పావు సెకను. ఎక్కడో తేడా వచ్చిందని శరీరం గుర్తించి, ఆ కబురు మెదడుకు చేరి, దిద్దుకోమన్న ఆజ్ఞ మళ్లీ చేతులకు అందేలోపు బంతి వెళ్లిపోతుంది. అందుకే ఈ ఆటలో తప్పు బయటపడేది అంతా అయిపోయాకే. అది కూడా బంతి ఎటు పోయిందో చూసి ఊహించుకోవాల్సిందే. నాలుగైదు పాఠాలు చెప్పించుకున్న ప్రతివారికీ అప్పుడు ఒక సందేహం వస్తుంది. ఇంకా కోచ్ దగ్గరికే వెళ్లాలా? లేక ఆ డబ్బుతో డ్రైవింగ్ రేంజ్‌లో బుట్టెడు బంతులు తీసుకుని ఒక్కరే కొట్టుకోవాలా?

ఒంటరి సాధన ఎక్కడ దెబ్బతీస్తుందో స్లైస్ అనే తప్పు దెబ్బ చెబుతుంది. కుడిచేతి వాటం ఆటగాడి బంతి బయల్దేరాక కుడికి వంగి పొదల్లో పడుతుంది. మనిషి సహజంగా ఏం చేస్తాడు? ఈసారి ఎడమవైపు గురిపెట్టి నిలబడతాడు. అలా నిలబడేసరికి భుజాలు ఎడమకు తెరుచుకుంటాయి, క్లబ్బు బయటినుంచి లోపలికి మరింత అడ్డంగా వస్తుంది. బంతి బయల్దేరే దిశను ప్రధానంగా నిర్ణయించేది ఆ క్షణంలో క్లబ్బు ముఖం చూస్తున్న దిక్కు. గాలిలో అది ఎంత వంగుతుందన్నది ఆ దిక్కుకూ, క్లబ్బు ప్రయాణించే దారికీ మధ్య ఉన్న తేడాను బట్టి ఉంటుంది. దారి ఎడమకు జరిగి ముఖం అలాగే ఉండిపోతే తేడా పెరుగుతుంది, వంపూ పెరుగుతుంది. విరుగుడు అనుకున్నదే రోగాన్ని ముదరబెడుతుందన్నమాట. బంతి బయల్దేరేది క్లబ్బు దారిలోనే అని ఎన్నో శిక్షణ పుస్తకాలు చాలాకాలం రాశాయి. రాడార్ యంత్రాలతో బంతినీ క్లబ్బునూ కొలవడం మొదలయ్యాకే ఆ పాఠం తప్పని తేలింది. పుస్తకాలు రాసినవాళ్లే పొరబడిన చోట, రేంజ్‌లో ఒంటరిగా నిలబడ్డ మనిషి సరైన కారణం పట్టుకుంటాడని ఆశించడం అన్యాయం.

కోచ్ మేలా, ఒంటరి సాధన మేలా అన్నది నేరుగా గోల్ఫ్ మీదే పరీక్షించినవాళ్లున్నారు. మార్క్ గ్వాడగ్నోలి బృందం 2002లో జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ సైన్సెస్‌లో ప్రచురించిన ప్రయోగం నా దృష్టిలో గోల్ఫ్ నేర్చుకునే ప్రతివారూ తెలుసుకోవలసింది. 30 మంది గోల్ఫర్లను మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు కోచ్ మాటలతో చెప్పాడు. మరో జట్టుకు వీడియో చూపిస్తూ చెప్పాడు. మూడో జట్టు ఏ కోచ్ లేకుండా తనంతట తాను సాధన చేసింది. తలా నాలుగు సాధనలు, ఒక్కోటి గంటన్నర. పరీక్ష 7-ఐరన్‌తో 15 బంతులు కొట్టడం, దూరం, గురి రెండూ కొలవడం.

సాధన ముగిశాక పెట్టిన మొదటి పరీక్షలో కోచ్ దగ్గర నేర్చుకున్న రెండు జట్లూ ఒంటరి జట్టుకన్నా వెనకబడ్డాయి! రెండు వారాల తర్వాత మళ్లీ పరీక్షిస్తే వరస తలకిందులైంది. వీడియో జట్టు అందరికన్నా ముందుంది, మాటలతో నేర్చుకున్నవాళ్లు తర్వాత, ఒంటరివాళ్లు చివర.

ఇది ఎందుకు జరుగుతుందో అర్థం చేసుకోవడం కష్టం కాదు. కొత్త నైపుణ్యం మూడు దశల్లో కుదురుకుంటుందని ఫిట్స్, పోస్నర్ 1967లోనే వివరించారు. మొదట ఆలోచించి చేస్తాం, తర్వాత పొరపాట్లు తగ్గుతాయి, చివరికి ఆలోచన అక్కర్లేకుండానే జరిగిపోతుంది. ఎన్నాళ్లుగానో అలవాటైన స్వింగ్‌లో లోపాలున్నా వాటికవి సర్దుకుని ఉంటాయి. పట్టు తప్పుగా ఉంటే మణికట్టు ఆ తప్పును కొంత కప్పిపుచ్చుతుంది. కోచ్ పట్టు మార్చాడంటే మణికట్టు చేస్తున్న ఆ సర్దుబాటు కొత్త పొరపాటుగా మారుతుంది. మనిషి మళ్లీ మొదటి దశకు, ఆలోచించి చేసే దశకు వెళతాడు. శనివారం పాఠం విని ఆదివారం ఆడి, ‘ఉన్నది కూడా పోయింది’ అని కోచ్‌ను మార్చేవాళ్లను చూస్తే నాకు బాధ కలిగేది ఇందుకే. వాళ్లు వదిలేస్తున్నది చెడ్డ పాఠాన్ని కాదు, ఇంకా ఇంకని పాఠాన్ని. అది ఇంకకముందే ఇంకో పాఠానికి పరిగెత్తడం వల్లా అదే నష్టం.

పాఠాల వల్ల కలిగే హాని కూడా చిన్నది కాదు. రిచ్ మాస్టర్స్ 1992లో కొత్తవాళ్లకు పటింగ్ (బంతిని రంధ్రంలోకి దొర్లించడం) నేర్పించి చూశాడు. సూచనలు చదివి నేర్చుకున్నవాళ్లు, ఏ నియమాలూ లేకుండా నేర్చుకున్నవాళ్లు, ఇద్దరినీ తర్వాత ఒత్తిడిలోకి నెట్టాడు. తడబడింది సూచనలతో నేర్చుకున్నవాళ్లే. ఒత్తిడిలో ఆ సూచనలన్నీ ఒక్కసారిగా గుర్తుకొచ్చి, సాఫీగా సాగాల్సిన కదలికకు అడ్డుతగులుతాయి. గాబ్రియేల్ వుల్ఫ్ సహచరులతో కలిసి 1999లో చేసిన పరిశోధనలో, చేతులెలా ఊగుతున్నాయని చూసుకున్న కొత్తవాళ్లకన్నా క్లబ్బు ఎలా ఊగుతోందని గమనించినవాళ్ల గురి బాగా కుదిరింది. గురువు ఎంత చెప్పాడన్నది గొప్ప కాదు. మోచేయి, మోకాలు, తుంటి అంటూ గంటలో పది సంగతులు చెప్పే కోచ్ కన్నా, క్లబ్బు గురించి ఒకే ఒక్క మాట చెప్పి పంపే కోచ్ మేలు. ప్రతి ప్రయత్నానికీ పక్కనుంచి ఫలితం చెబుతూ ఉన్నా చిక్కే. విన్‌స్టీన్, ష్మిడ్ 1990లో చేతి కదలికలు నేర్పిస్తూ, సగం ప్రయత్నాలకే ఫలితం తెలిపిన జట్టు తర్వాతి పరీక్షలో మెరుగ్గా చేసిందని గమనించారు. మిగతా సగంలో తప్పును తామే పసిగట్టడం వాళ్లకు అలవడింది.

మరి కోచ్ లేకుండా పైకి వచ్చినవాళ్లు? ఎస్.ఎస్.పి. చౌరాసియా తండ్రి రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్బులో పచ్చిక మైదానాన్ని చూసుకునే ఉద్యోగి. అక్కడే పెరిగి, చాలావరకు సొంతంగా ఆట నేర్చుకుని, 2016, 2017లో వరసగా ఇండియన్ ఓపెన్ గెలిచాడు. 1991లో అదే టోర్నీ గెలిచిన అలీ షేర్ ఢిల్లీ గోల్ఫ్ క్లబ్ క్యాడీ కుటుంబం నుంచి వచ్చినవాడు. ఇవి ఒంటరి సాధనకు సాక్ష్యాలని చాలామంది అంటారు. నాకు అలా అనిపించదు. మంచి ఆటగాళ్లను రోజంతా దగ్గరినుంచి చూసే అవకాశం, లెక్కలేనన్ని బంతులు ఎలా ఎగిరి ఎక్కడ పడ్డాయో చూసే అవకాశం ఆ వాతావరణంలో ఉన్నాయి. వారానికొకసారి రేంజ్‌కు వెళ్లే ఉద్యోగికి అవి దొరకవు.

పది వేల గంటల సాధనతో నిపుణులవుతారన్న సిద్ధాంతానికి మూలమైన 1993 నాటి ఎరిక్‌సన్ అధ్యయనంలో బెర్లిన్ వయొలిన్ విద్యార్థులు చేసింది గమనించండి. ఉత్తములు వారానికి సుమారు 24 గంటలు ఒంటరిగానే సాధన చేసేవారు. కానీ ఏం సాధన చేయాలో ముందే గురువు చెప్పి ఉండేవాడు. గంటల లెక్క లోకమంతా పాకింది, గురువు సంగతి మరుగున పడింది.

కాబట్టి నా లెక్క ఇది. బంతి ఎందుకు అటు పోతోందో మీకు మీరు చెప్పుకోలేకపోతే పాఠం కావాలి. కారణం తెలిసి, పోయినసారి కోచ్ చెప్పిన ఒక్క మార్పు ఇంకా చేతికి రాకపోతే కొత్త పాఠం వద్దు, సాధన కావాలి. ఆ సాధన ఒకేరోజు బుట్టలు ఖాళీ చేయడం కాకూడదు. డెయిల్, క్రిస్టినా 2004లో 240 పటింగ్ దెబ్బలను ఒక్క విడతలో సాధన చేసిన జట్టుకన్నా, రోజుకు 60 చొప్పున నాలుగు రోజులు చేసిన జట్టుకు నైపుణ్యం బాగా నిలిచిందని చూపించారు. ఒకే క్లబ్బుతో ఒకే గురికి వంద బంతులు కొడితే రేంజ్‌లో చక్కగా కుదురుతుంది గానీ, మైదానంలో వరసగా రెండుసార్లు ఒకే దెబ్బ కొట్టాల్సి రావడం అరుదు. ప్రతి బంతికీ క్లబ్బునో గురినో మార్చండి. ఆ పూట తప్పులు పెరిగినా కంగారుపడొద్దు. కదలికలు నేర్చుకోవడంపై షియా, మోర్గన్ 1979లో జరిపిన ప్రయోగంలోనూ కలగాపులగంగా సాధన చేసినవాళ్లు మొదట వెనకబడి, పది రోజుల తర్వాత ముందుకొచ్చారు.

పాఠానికి వెళ్లే ముందురోజు 7-ఐరన్‌తో 15 బంతులు కొట్టి, ఒక్కోటి ఎటు బయల్దేరింది, ఎటు వంగిందో కాగితం మీద రాసుకుని కోచ్‌కు చూపించండి. అవే 15 బంతులు మళ్లీ కొట్టాల్సింది పాఠం అయిన మర్నాడు కాదు, మధ్యలో నాలుగైదుసార్లు సాధన చేసి, రెండు వారాలు గడిచాక. తర్వాతి పాఠం ఎప్పుడో ఆ కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టి చూశాకే ఖాయం చేసుకోండి.