ఎడారిలో వాన కురిసిన రోజు

రాజస్థాన్‌లోని జైసల్మేర్, బాడ్‌మేర్ జిల్లాలలో 3,162 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించినది ఎడారి జాతీయ ఉద్యానవనం. సాధారణంగా యాత్రికులు అక్కడికి చలికాలంలో వెళతారు. మా కుటుంబం వెళ్ళింది ఆగస్టులో. జోధ్‌పూర్ నుండి కారులో జైసల్మేర్ చేరి, మరునాడు ఉదయం సమ్ గ్రామం వైపు సాగుతుండగా వాన అందుకుంది. ఏడాది పొడవునా సగటున సుమారు 200 మిల్లీమీటర్ల వర్షమే పడే నేల అది. మన హైదరాబాదులో కురిసేదానిలో ఇంచుమించు నాలుగో వంతు! ఒంటె సవారీ తప్పిపోయిందని పిల్లలు చిన్నబోయారు. దారి వెంట పల్లెవాసులు మాత్రం ఇళ్ళలో నుండి బయటికి వచ్చి, తడుస్తూ నిలబడి ఉన్నారు.

ఎడారి అంటే ఇసుక తిన్నెలేనని అనుకుంటాము. ఈ ఉద్యానవనంలో తిన్నెలు కొంత భాగం మాత్రమే. మిగిలినది రాతినేల, గడ్డిమైదానం. ఎండి మోడువారిన సేవణ్ గడ్డి దుబ్బులు ఒక్క వాన పడితే కొద్ది రోజులలోనే చిగురిస్తాయి. పశువులకు అదే ఆధారం. అక్కడి ఖేజ్రీ చెట్టు మనకు పరాయిది కాదు, అది మన జమ్మిచెట్టే. రాజస్థాన్‌కూ తెలంగాణకూ అదే రాష్ట్ర వృక్షం.

వాన ఉధృతమవడంతో ఒక పల్లెలో ఆగాము. పశువులు మేపుకొని జీవించే ఒక ముస్లిం కుటుంబం మాకు ఆశ్రయమిచ్చింది. ఇంటి ముందు శుభ్రంగా ఊడ్చిన వాలునేల మీద పడిన ప్రతి చినుకూ భూమిలో కట్టిన తొట్టిలోకి జారుతోంది. దానిని టాంకా అంటారు. జుహర్ నమాజుకు వుజూ చేసుకోమని ఇంటిపెద్ద ఒక్కొక్కరికి ఒక చిన్న లోటాతో నీళ్ళు ఇచ్చారు. బయట కుండపోతగా కురుస్తున్నా ఆ కొలత మారలేదు. ఆ నీళ్ళు అందరికీ సరిపోయాయి.

వాన తెరిపి ఇచ్చాక ఆయన మాకు ఖడీన్‌ను చూపించారు. రాతి గుట్టల మీది నీరు పల్లానికి పారివచ్చే చోట అడ్డంగా పొడవైన మట్టికట్ట వేస్తారు. అక్కడ నిలిచిన నీరు మెల్లగా నేలలోకి ఇంకుతుంది. ఆ తేమతోనే చలికాలంలో గోధుమ, శనగ పండిస్తారు. శతాబ్దాల క్రితం పాలీవాల్ బ్రాహ్మణులు ఈ ప్రాంతంలో నెలకొల్పిన పద్ధతి ఇది. నేటికీ ఆ కట్టల వెనుక పంటలు పండుతున్నాయి.

ఈ వానకాలమే బట్టమేక పిట్ట సంతానకాలం కూడా. అక్కడివారు దానిని గోడావణ్ అంటారు. సాధారణంగా ఒకే గుడ్డు, అదీ గూడు లేకుండా బయటి నేల మీదనే పెడుతుంది. దేశం మొత్తంలో ఇవి చాలా కొద్ది సంఖ్యలోనే మిగిలాయి. వాటిలో అత్యధికం ఈ ప్రాంతంలోనివే. బరువైన శరీరం, ఎదుటి వస్తువులను సరిగా చూడలేని కళ్ళు. అందుచేత విద్యుత్ తీగలకు తగిలి మరణిస్తున్నాయి. 2019లో సమ్‌లో వీటి సంతానోత్పత్తి కేంద్రం ప్రారంభమైంది. తీగలను భూమిలో వేయాలని 2021లో సుప్రీంకోర్టు ఆదేశించింది. సౌరవిద్యుత్ అవసరాలను దృష్టిలో ఉంచుకొని 2024లో ఆ ఆదేశాన్ని సవరించి, నిపుణుల సంఘానికి అప్పగించింది.

ఇది ఎక్కడో దూరాన జరుగుతున్న నష్టం కాదు. ఈ పిట్ట కోసమే 1988లో కర్నూలు ప్రాంతంలోని రోళ్లపాడులో అభయారణ్యం ఏర్పడింది. ఒకప్పుడు అక్కడ తిరుగాడిన పిట్టలు నేడు దాదాపు కనుమరుగయ్యాయి.

ఆ రోజు మాకు గోడావణ్ కనిపించలేదు. వెతుకుదామని పిల్లలు గడ్డిలోకి దిగబోతే ఆ పెద్దాయన వారించారు. “బేటా, ఈ రోజుల్లో గడ్డిలో అడుగు పెట్టకూడదు. గుడ్డు మట్టి రంగులోనే ఉంటుంది, కాలి కింద పడేదాకా కనబడదు” అన్నారు. వానకాలంలో అక్కడికి వెళ్ళే కుటుంబాలు ఈ ఒక్క మాట గుర్తుంచుకోవాలి: కారును బాట దాటనీయకండి.