బంచరాయి మట్టిలోని ప్రాణం

హుస్నాబాద్ చుట్టుపక్కల ఎర్రనేలల్లో బంచరాయి బోడిగా మారితే మేకలకు మేత కరువైందని మాత్రమే అనుకుంటాము. అసలు నష్టం మట్టి లోపల జరుగుతుంది. గడ్డి తాను తయారుచేసుకున్న ఆహారంలో కొంత వేళ్ల గుండా మట్టిలోకి వదులుతుంది. చెంచాడు మట్టిలో కోట్లాదిగా ఉండే సూక్ష్మజీవులకు అది ఆహారం. అవి పెంటికలను, ఎండుగడ్డిని కుళ్లబెట్టి పోషకాలను గడ్డికి తిరిగి అందిస్తాయి. శిలీంధ్రాల సన్నని పోగులు మట్టి రేణువులను పట్టి ఉంచుతాయి. విడుపు లేకుండా మేపితే వేళ్లు కురచబారతాయి, సూక్ష్మజీవులు పస్తులుంటాయి, వాన ఇంకక పైమట్టి కొట్టుకుపోతుంది. టిబెట్ చలి పచ్చికబయళ్లలోనూ శాస్త్రజ్ఞులు ఇదే గమనించారు: పచ్చిక చెదిరిన చోట మట్టిలోని కర్బనం, దానితోపాటు సూక్ష్మజీవుల రాశి తగ్గాయి.

బక్రీద్ కోసం మన ఇళ్లలోనూ మేకపోతులు పెరుగుతాయి. కాబట్టి ఇది గొల్లకురుమల చింత మాత్రమే కాదు. బంచరాయిలో ఒక భాగాన్ని వానకాలమంతా మేపకుండా వదిలితే గడ్డి త్వరగానే లేస్తుంది. మట్టిలోని ప్రాణం కోలుకోవడానికి ఏండ్లు పడుతుంది.