కంప్యూటర్ నెట్‌వర్కుల భద్రత: ‘వన్నాక్రై’ దాడి – తెలుగు శాఖలకు పాఠం

కీలకపదాలు: నెట్‌వర్కు భద్రత, రాన్సమ్‌వేర్, విండోస్, యూనికోడ్, సిద్ధాంత గ్రంథాలు.

ఉపోద్ఘాతం:
2017 మే 12న ‘వన్నాక్రై’ అనే హానికర ప్రోగ్రాం వ్యాపించి, 150 దేశాల్లోని కంప్యూటర్లను దెబ్బతీసింది. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు దీని బారిన పడ్డాయి. ఈ దాడి స్వరూపాన్ని వివరించి, తెలుగు శాఖల్లోని పరిశోధన సామగ్రి రక్షణకు దాని నుంచి గ్రహించవలసిన అంశాలను సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. దాడి స్వరూపం:
కంప్యూటర్‌లోని ఫైళ్లను తెరవడానికి వీలులేని సంకేతరూపంలోకి మార్చి, విడిపించడానికి సొమ్ము కోరే ప్రోగ్రాంలను రాన్సమ్‌వేర్ అంటారు. వన్నాక్రై 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్‌ను కోరింది. ఇది వ్యాపించడానికి ఎవరూ ఈమెయిల్‌లోని లింకును నొక్కనక్కరలేదు. విండోస్‌లో ఫైళ్లను పంచుకునే ‘ఎస్ఎంబీ’ పద్ధతిలోని లోపం ద్వారా నెట్‌వర్కులోని ఒక కంప్యూటర్ నుంచి మరొకదానికి తనంత తానే పాకింది. కాబట్టి సరిదిద్దని కంప్యూటర్ ఒక్కటి ఉన్నా, అటువంటి లోపమే ఉన్న తక్కిన కంప్యూటర్లన్నింటికీ ముప్పే.

2. మూలకారణం:
ఆ లోపాన్ని సవరించే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14ననే విడుదల చేసింది. అంటే దాడికి దాదాపు రెండు నెలల ముందే నివారణ సిద్ధంగా ఉంది. దానిని వేసుకోకపోవడం వల్లనే అత్యధిక నష్టం కలిగింది.

3. తెలుగు శాఖల పరిస్థితి:
అను వంటి యూనికోడేతర ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో కూర్చిన సిద్ధాంత గ్రంథాలు మనకు అనేకం. వాటిని తెరవడం కోసమే పాత విండోస్ కంప్యూటర్లను అట్టిపెట్టుకోవడం సిద్దిపేట వంటి జిల్లా కేంద్రాల అధ్యాపకులకు కొత్త విషయం కాదు. అయితే విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కు 2020 జనవరి 14తో సాధారణ భద్రతా అప్‌డేట్లు నిలిచిపోయాయి. ఈ విధంగా మన ఫాంట్ల సమస్య భద్రతా సమస్యగా కూడా పరిణమించింది.

4. చేయదగిన పనులు:
• పాత కంప్యూటర్‌ను ఇంటర్నెట్ నుంచి, కళాశాల నెట్‌వర్కు నుంచి వేరుచేయాలి. దానికి వాడే పెన్‌డ్రైవ్‌ను ముందుగా వైరస్ పరీక్ష చేయాలి.
• పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు, సంయుక్తాక్షరాలు తారుమారు కాకుండా మూలంతో సరిచూడాలి.
• ప్రతి గ్రంథానికీ ఒక ప్రతిని కంప్యూటర్‌కు కలపని డ్రైవ్‌లో ఉంచాలి. కలిపి ఉంచిన డ్రైవ్‌లోని ఫైళ్లనూ రాన్సమ్‌వేర్ బంధించగలదు.
• దాడి జరిగితే ఆ కంప్యూటర్‌ను వెంటనే నెట్‌వర్కు నుంచి తొలగించి, 1930 సహాయవాణికి తెలియజేయాలి. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ ఆదేశాల ప్రకారం సంస్థలు ఇటువంటి ఘటనలను గుర్తించిన 6 గంటల్లోగా ఆ సంస్థకు నివేదించాలి.

ముగింపు:
క్షేత్రపర్యటనల్లో సేకరించిన జానపద సామగ్రి, వక్తలు గతించిన తర్వాత మళ్లీ లభించదు. అది ఒకే పాత కంప్యూటర్‌లో ఉంటే ఒక్క దాడితో శాశ్వతంగా పోవచ్చు. కనుక యూనికోడీకరణను, విడి ప్రతుల భద్రతను పరిశోధన విధానంలో భాగంగానే పరిగణించి, సిద్ధాంత గ్రంథ సమర్పణకు ముందే పూర్తిచేయడం అవసరం.