42 సెకన్ల గోదారి

నా ఫోన్‌లో ఒక వీడియో ఉంది. చూడ్డానికి అందులో ఏమీ ఉండదు. స్క్రీనంతా నలుపు. మధ్యలో లైటు గీత ఒకటి, అద్దంలో నా చెయ్యి, పక్కన ఎవరిదో తెల్ల చొక్కా. ఎవరికైనా చూపిస్తే ‘పొరపాటున ఆన్ అయిందా?’ అంటారు. 42 సెకన్లు. నా దగ్గరున్న వీడియోలన్నింటిలో ఎక్కువసార్లు చూసింది అదే. చూసింది కాదు, విన్నది.

ఎక్కడికి వెళ్లినా ఫోన్ పట్టుకుని తీస్తూ ఉంటావెందుకని నన్ను చాలామంది అడుగుతారు. నాకు ఛానెల్ లేదు. ఇన్‌స్టాలో ఉన్న కొద్దిమంది ఫాలోవర్లలో సగం మా చుట్టాలే. ఆఫీసులో ఒక ఫ్రెండ్ అయితే ‘నువ్వు ఊరు చూడ్డానికి వెళ్తావా, ఊరికి నీ ఫోన్ చూపించడానికి వెళ్తావా?’ అన్నాడు. జోక్ బాగానే పేలింది, నేనూ నవ్వాను. అప్పటికి నా దగ్గర సమాధానం లేదు మరి. ఇప్పుడుంది. కాకపోతే కొంచెం పొడుగు.

మాది సికింద్రాబాద్‌లో మెట్టుగూడ. మా తాత లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. ఇంట్లో కూర్చుని కూత విని ఏ బండి ఎంత లేటో చెప్పేసేవాడు. 2023 సంక్రాంతి రోజు, జనవరి 15న, సికింద్రాబాద్ నుంచి విశాఖకు వందేభారత్ మొదలైంది. టీవీలో చూసి తాత ఒక్క మాటే అన్నాడు: ‘డబ్బాలు బాగు చేసుడే గాని, గిసుంటి బండి ఎన్నడూ ఎక్కలే.’ అడగలేదు, ఊరికే అన్నాడు. ఫిబ్రవరిలో జీతం పడగానే రెండు టికెట్లు చేశాను. దాదాపు 700 కిలోమీటర్లు, ఎనిమిదిన్నర గంటలు.

బండి మధ్యాహ్నం మూడింటికి. తాత నన్ను ఒంటిగంటకే స్టేషన్ దగ్గర ఆటో దింపించాడు. జీవితమంతా రైల్వేలో చేసిన మనిషికి రైలు మీద అంత అపనమ్మకం ఎందుకో నాకు ఇప్పటికీ తెలీదు! ఆయన సంచీ చంకలో పెట్టుకుని పాత స్టేషన్ బిల్డింగ్ కమానుల కిందికి నడుస్తుంటే వెనక నుంచి తీశాను. 11 సెకన్లు. ‘ఫోన్ల తర్వాత చూద్దువు, ముందుగాల అడుగు చూసి నడు’ అని కసిరాడు.

ఖమ్మం దాటాక చీకటి పడింది. రాత్రి తొమ్మిది కావస్తుండగా గోదారి వస్తోందని పక్క సీట్లో ఎవరో అన్నారు. తాత జేబులోంచి రూపాయి బిళ్ల తీశాడు. మన వాళ్లు గోదారి దాటేటప్పుడు నదిలో బిళ్ల వేస్తారు కదా, ఆయన ఎన్నిసార్లు దాటాడో అన్నిసార్లూ వేశాడట. కిటికీ దగ్గరికి జరిగి, అద్దం అంచు చుట్టూ వేళ్లతో తడుముతున్నాడు. గొళ్లెం కోసం. వందేభారత్‌లో కిటికీలు తెరుచుకోవు. నాకు నవ్వొచ్చి ఫోన్ ఆన్ చేశాను. బయటంతా చీకటి, అద్దంలో మేమే కనిపిస్తున్నాం. ఆ 42 సెకన్లు ఇవే.

‘తెరుసుకోదా ఇది?’
‘ఏసీ బండి తాతా, తెరుచుకోదు.’
‘మరి గోదారికి రూపాయి ఎట్ల ఏస్తరు?’

నా నవ్వు. తర్వాత కాసేపు ఏమీ లేదు. అప్పుడు తాత మెల్లగా, ‘విన్నవా? సప్పుడు మారింది. వంతెన మీదికొచ్చినం’ అంటాడు. ఫిట్టర్ చెవి అది. ఆయన అన్నాక గానీ నాకు వినపడలేదు, చక్రాల చప్పుడు కిందికి దిగిపోయి గుల్లగా మోగుతోంది. చివర్లో, ‘పోనీ తియ్యి. నీ దగ్గర దాయి. మల్లొచ్చినప్పుడు ఏద్దాం’ అని బిళ్ల నా చేతిలో పెట్టాడు. అక్కడ ఆపేశాను.

ఏమీ పడలేదని చిరాకుతో ఆ వీడియోని ఫ్యామిలీ గ్రూప్‌లో పడేసి, ‘గోదారి మీద ఉన్నాం, చూసుకోండి’ అని రాశాను. అందరూ నవ్వే ఎమోజీలు పెట్టారు.

విశాఖలో అసలైన వీడియోలు తీశాను. ఆర్‌కే బీచ్ పక్కనే కుర్సురా సబ్‌మెరైన్ ఉంది కదా, నేవీ నుంచి 2001లో రిటైరై, 2002 నుంచి మ్యూజియంగా ఉంటోంది. లోపలికి వెళ్లాక మా తాత ఇక కదల్లేదు. పైపులు, వాల్వులు, చక్రాలు. అక్కడి గైడ్ నేవీలో చేసి రిటైరైన పెద్దాయన. ఇద్దరూ ఒక వాల్వు ముందు నిలబడి నాలుగు నిమిషాలు మాట్లాడుకున్నారు, వెనక జనం లైన్లో తోసుకుంటున్నా. ప్రెషర్ గురించి, వాషర్ల గురించి, చెయ్యి తెగిన రోజు గురించి. అంత హుషారుగా తాతని నేనెప్పుడూ చూడలేదు. మొత్తం తీశాను. లైటింగ్ సూపర్.

ఇంటికొచ్చి రీల్ చేశాను. స్టేషన్ రెండు సెకన్లు, బీచ్, సబ్‌మెరైన్‌లో తాత, అలలు. ఒరిజినల్ సౌండ్ మ్యూట్ చేసి సినిమా పాట పెట్టాను. అందరం చేసేదే కదా. దానికి నా లెక్కలో రికార్డు లైకులు వచ్చాయి.

ఆ జులైలో వానలో ఫోన్ తడిసింది. రిపేర్‌కి ఇస్తే ఆన్ అయితే అయింది గానీ లోపలున్నదంతా తుడిచిపెట్టి ఇచ్చారు. తప్పు వాళ్లదొక్కటే అననులెండి. గూగుల్ ఇచ్చే 15 జీబీ ఎప్పుడో నిండిపోయింది. ‘బ్యాకప్ ఆగింది’ అని రోజూ మెసేజ్ వస్తుంటే రోజూ పక్కకి తోసేశాను. నెలకి ఒక బిర్యానీ ఖర్చు పెట్టడానికి బద్ధకం.

నవంబర్‌లో తాత పోయాడు.

ఫొటోలకు కొదవ లేదు. ఫ్రేము కట్టించడానికి ఏది పంపాలా అని అత్త, అమ్మ గొడవపడ్డారు కూడా. పదో రోజు అయ్యాక, అందరూ వెళ్లిపోయాక, మా నాన్న నా గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ‘బాపు గొంతు ఏడన్నా ఉందా నీ దగ్గర?’ అని అడిగాడు.

రీల్ పెట్టాను. వాల్వు చూపిస్తూ తాత పెదాలు కదులుతున్నాయి. వినపడేదేమో సినిమా పాట. నాన్న చివరిదాకా చూసి, ఫోన్ తిరిగి ఇచ్చేసి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

ఆ చీకటి వీడియో మా మేనత్త ఫోన్‌లో దొరికింది. గుడ్‌మార్నింగ్ పూలతో సహా ఏదీ డిలీట్ చెయ్యని మనిషి ఆవిడ. మేమంతా ఎన్నిసార్లు వెక్కిరించామో లెక్కలేదు. వాట్సాప్‌లో నలిగి, బొమ్మ ఇంకా పాడైపోయి ఉంది. గొంతు మాత్రం బాగానే ఉంది.

ఆ తర్వాత ఈ వీడియోలు తీసుడు మంచిదా చెడ్డదా అని కొంచెం చదివాను. అమెరికాలో లిండా హెంకెల్ అనే సైకాలజీ ప్రొఫెసర్ 2014లో అచ్చయిన స్టడీలో, మ్యూజియంలో విద్యార్థులు ఊరికే చూసిన వస్తువుల కన్నా ఫొటో తీసిన వస్తువులే తక్కువ గుర్తున్నాయని తేల్చింది. కెమెరా ఉందిలే అని మెదడు వదిలేస్తుందన్నమాట. అయితే జూమ్ చేసి ఒక భాగాన్ని శ్రద్ధగా తీసినప్పుడు ఆ నష్టం కనపడలేదు. 2017లో ఇంకో బృందం మరో సంగతి చెప్పింది. ఆడియో గైడ్ వింటూ, తమకు నచ్చినవి ఎంచుకుని ఫొటోలు తీసిన వాళ్లకు చూసింది బాగా గుర్తుంది. విన్నది తక్కువ గుర్తుంది. అది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. కుర్సురాలో తాత చెప్పిన వాల్వు రంగు, దాని మీది తుప్పు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టున్నాయి. ఆయన ఏం చెప్పాడో నాలుగు ముక్కలు తప్ప గుర్తులేదు. ఫ్రేమ్ సరిగ్గా వచ్చిందా అని చూస్తూ ఉండిపోయాను మరి.

దాచుకోవాలన్న యావ మన కాలంలో పుట్టింది కాదు. ఏనుగుల వీరాస్వామి గారు 1830 మే నెలలో మద్రాసు నుంచి హైదరాబాద్ మీదుగా కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబర్లో తిరిగి చేరారు. దారిలో ఏ ఊళ్లో దిగడానికి చోటుంది, నీళ్లెలా ఉన్నాయి, ఏ సామాను దొరుకుతుంది, అన్నీ స్నేహితుడికి రాస్తూ పోయారు. అదే కాశీయాత్ర చరిత్ర, 1838లో పుస్తకమైంది. గుడి గోపురాల వర్ణనలు ఎవరైనా రాస్తారు. నీళ్ల సంగతి రాశారు చూడండి, అక్కడ నాకు ఆయన మన వ్లాగర్లందరికీ పెద్దన్న అనిపిస్తారు.

ఇక మన సికింద్రాబాద్ సంగతికొస్తే, 1880ల్లోనే లాలా దీన్‌దయాళ్ ఇక్కడ స్టూడియో పెట్టారు. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యారు. పరదా పాటించే ఆడవాళ్ల కోసం 1892లో విడిగా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఇంగ్లిష్ మహిళకు అప్పగించారు. ఆయన తీసిన ఫొటోలు చూస్తే నవాబుల అంగరఖాల మీద ఒక్కో పువ్వూ లెక్కపెట్టొచ్చు. వాళ్లు ఎలా మాట్లాడేవాళ్లో, దగ్గేవాళ్లో మాత్రం మనకు తెలీదు. ఆ రోజుల్లో అది కుదిరే పని కాదు. మనకు జేబులోనే ఉంది, మనమే మ్యూట్ నొక్కుతున్నాం.

అందుకే ఇప్పుడు నేను తీసే పద్ధతి మారింది. వ్యూ కోసం ఒక పది సెకన్లు, అంతే. సూర్యాస్తమయాలు నాకన్నా బాగా తీసినవి యూట్యూబ్‌లో బోలెడున్నాయి. మిగతాదంతా మా వాళ్ల మీదే. టీ దగ్గర బేరం, ‘ఇంకెంత దూరం’ అనే సణుగుడు, అమ్మ పులిహోర పొట్లం విప్పుతూ చెప్పే కథ. ఫోన్ ఒడిలో పెట్టేసి, బొమ్మ వంకరగా వచ్చినా పట్టించుకోకుండా మాటలు రానిస్తాను. ఆపేద్దాం అనిపించాక ఇంకో పది సెకన్లు ఉంచుతాను, అసలు మాట తరచూ అప్పుడే వస్తుంది. రీల్‌కి పాట పెట్టుకోండి, ఎవరొద్దన్నారు? ఒరిజినల్ మాత్రం ముట్టుకోకండి. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గా పంపండి, క్వాలిటీ పోదు. ఇంకో కాపీ హార్డ్‌డిస్క్‌లో. నా క్లౌడ్ డబ్బులు ఇప్పుడు నెలనెలా కట్ అవుతున్నాయి, బిర్యానీకి లోటేం రాలేదు.

అన్నీ తీయను. తాత ఆస్పత్రిలో ఉన్న చివరి వారంలో ఒక్కటి కూడా తీయలేదు. దానికి నాకు బాధ లేదు.

2023 ఏప్రిల్ 8న, అంటే మా ప్రయాణమైన రెండు నెలలకు, సికింద్రాబాద్ స్టేషన్ కొత్త కట్టడానికి ప్రధాని శంకుస్థాపన చేశారు. దాదాపు 720 కోట్ల ప్రాజెక్టు. 1874లో వాడి నుంచి రైలు వచ్చినప్పటి నుంచి నడుస్తున్న స్టేషన్ ఇది. 2025లో ఆ పాత బిల్డింగ్‌ని కూల్చేశారు. కొత్తది కావాల్సిందే, ఆ రద్దీలో పడ్డవాళ్లకు తెలుసు. అయినా కూలగొడుతున్నారని తెలిసి నాన్నని తీసుకుని వెళ్లాను. రేకుల అవతల క్రేన్లు. చాలామంది ఫోన్లు పైకెత్తి తీస్తున్నారు. నేను ఫోన్ నాన్న వైపు తిప్పి, ‘ఏమన్నా చెప్పు నాన్నా’ అన్నాను. ఆయన ఇబ్బందిగా అటూ ఇటూ చూశాడు. ‘ఏం చెప్పాలె?’ అన్నాడు. ఒక నిమిషం ఏమీ లేదు, జేసీబీ చప్పుడు తప్ప. తర్వాత, ‘చిన్నగున్నప్పుడు బాపు జీతం రోజు నన్నిక్కడికి తెచ్చి బన్ను ఇప్పిచ్చేటోడు. గాడ, ఆ మూల మీద’ అన్నాడు. రేకుల వైపు చూపించాడు. వీడియోలో ఆ మూల లేదు. పాత బిల్డింగ్ రెండు సెకన్లు ఆ రీల్‌లో ఉంది, పాటతో.

రూపాయి బిళ్ల నా పర్సులో జిప్ ఉన్న అరలో ఉంది. దసరా సెలవులకి విశాఖ టికెట్లు చేశాను, ఈసారి మామూలు ఎక్స్‌ప్రెస్‌లో, స్లీపర్ క్లాస్‌లో. కిటికీ తెరుచుకుంటుంది. విషయం తెలిసి మేనత్త నేనూ వస్తానంది. ముగ్గురికీ ఇంకా వెయిటింగ్ లిస్టే, 14, 15, 16. నాన్న రోజూ పొద్దున్నే యాప్ తెరిచి చూసుకుంటున్నాడు.